250 రూపాయల యూఎస్‌బీ ఏఎస్‌పీ ప్రోగ్రామర్: కొనొచ్చా, వదిలేయాలా?

హాయ్ అండీ. ఇదిగో ఇదే యూఎస్‌బీ ఏఎస్‌పీ, కంప్యూటర్‌లో రాసిన ప్రోగ్రామ్‌ని ఏవీఆర్ మైక్రోకంట్రోలర్ చిప్‌లోకి ఎక్కించేది, చూపుడువేలంత బోర్డ్, పది పిన్నుల రిబ్బన్ కేబుల్‌తో కలిపి కోఠి గుజరాతీ గల్లీలో 250 పెట్టి తెచ్చా, బేరం ఆడితే ఇంకో ఇరవై తగ్గేదేమో, నాకు బేరం రాదు.

ముందు దీని ఒరిజినల్ డిజైన్ గురించి ఒక మాట చెప్పాలి, ఎందుకంటే అది నిజంగా ముచ్చటేసే డిజైన్. థామస్ ఫిష్ల్ అని జర్మనీ ఆయన చేశాడు, సర్క్యూట్, ఫర్మ్‌వేర్ (చిప్ లోపల నడిచే ప్రోగ్రామ్) అన్నీ ఓపెన్‌గా పెట్టేశాడు. లోపల చూడండి, ఒక ఏటీమెగా8 మైక్రోకంట్రోలర్ చిప్, దానికి క్లాక్ ఇచ్చే ఒక 12 మెగాహెర్ట్జ్ క్రిస్టల్, నాలుగు రెసిస్టర్లు, కెపాసిటర్లు, అంతే. విడిగా యూఎస్‌బీ చిప్పే లేదు! మరి యూఎస్‌బీ ఎలా మాట్లాడుతోంది అంటే, వి-యూఎస్‌బీ అనే లైబ్రరీ ఉంది, దాంతో మామూలు పిన్నుల్నే సాఫ్ట్‌వేర్‌తో ఆడించి 1.5 మెగాబిట్ లో-స్పీడ్ యూఎస్‌బీ లాగా నడిపిస్తున్నారు. చిప్ ఏమో 5 వోల్టులు, యూఎస్‌బీ డేటా లైన్లేమో 3.3, అందుకని రెండు జెనర్ డయోడ్లు పెట్టి వోల్టేజ్ పైకి లేవకుండా కట్టేశారు. చవగ్గా చెయ్యడం అంటే ఇదీ, ఏదో ఒకటి పీకేయడం కాదు.

మరి ఆ డిజైన్ కాపీ కొట్టి నా చేతిలోది చేసిన క్లోన్ వాళ్ళు ఏం పీకేశారో ఇప్పుడు చూద్దాం.

కొత్త ఏటీమెగా328పీ, ప్యాకెట్ ఇప్పుడే చించా, బ్రెడ్‌బోర్డ్ మీద పెట్టి, చిప్‌లోకి ప్రోగ్రామ్ పంపే ఏవీఆర్‌డ్యూడ్ సాఫ్ట్‌వేర్ రన్ చేస్తే... "టార్గెట్ డజంట్ ఆన్సర్", అంటే చిప్ పలకట్లేదట. కొత్తగా నేర్చుకునేవాళ్ళు ఇక్కడే చిప్ పోయిందనుకుని చెత్తబుట్టలో వేస్తారు, నేనూ కాలేజీలో రెండు పారేశా, ఇప్పటికీ బాధే. చిప్‌కి ఏమీ కాలేదు. కొత్త చిప్ ఫ్యాక్టరీ నుంచి వచ్చేటప్పుడు లోపలి 8 మెగాహెర్ట్జ్ క్లాక్‌ని ఎనిమిదితో భాగించుకుని 1 మెగాహెర్ట్జ్ మీదే నడుస్తుంది. ప్రోగ్రామింగ్ క్లాక్ అందులో నాలుగో వంతు కంటే తక్కువ ఉండాలి, అంటే 250 కిలోహెర్ట్జ్ లోపు. ఈ ప్రోగ్రామర్ మామూలుగా పంపేది 375. ఇది అంత స్పీడ్‌గా వాగుతుంటే అది ఎక్కడ వింటుంది చెప్పండి!

సరే, ఏవీఆర్‌డ్యూడ్‌లో బి ఆప్షన్‌తో స్పీడ్ తగ్గిద్దామంటే వార్నింగ్ వస్తోంది, ఎస్‌సీకే (అదే, ప్రోగ్రామింగ్ క్లాక్) పీరియడ్ సెట్ చెయ్యలేను, ఫర్మ్‌వేర్ అప్‌డేట్ ఉందేమో చూడు అని. అంటే పాత ఫర్మ్‌వేర్ కొట్టి అమ్మేశారు. 2011 మే వెర్షన్ ఫ్రీగానే దొరుకుతుంది, అది వేస్తే వాళ్ళకి రూపాయి కూడా ఖర్చు లేదు, నాకు ఒళ్ళు మండేది ఇక్కడే. క్లాక్ స్పీడ్ తగ్గించే స్లో క్లాక్ జంపర్‌కి (రెండు పిన్నుల్ని కలిపే చిన్న క్లిప్) బోర్డ్ మీద రెండు రంధ్రాలు వదిలారు, పిన్ను సోల్డర్ చెయ్యలేదు. చిన్న తీగ ముక్కతో ఆ రెండూ కలిపా చూడండి, సిగ్నేచర్, అంటే చిప్ గుర్తింపు నంబర్ వచ్చేసింది, 1ఈ 95 0ఎఫ్.

ఇక రెండోది, ఇది అసలు డేంజర్. 5 వోల్ట్, 3.3 వోల్ట్ అని ఒక జంపర్ ఇచ్చారు కదా, 3.3 వైపు పెట్టి మీటర్‌తో వీసీసీ (సప్లై వోల్టేజ్) చూస్తే 3.3 కరెక్ట్‌గానే ఉంది, కానీ చిప్‌కి డేటా వెళ్ళే మోసీ లైన్ మీద ఆసిలోస్కోప్ పెట్టి చూడండి, పల్స్‌లు 5 దాకా లేస్తున్నాయి. ఏటీమెగా8ని 12 మెగాహెర్ట్జ్ మీద నడపాలంటే కనీసం 4.5 వోల్టులు కావాలి, కాబట్టి దాని పిన్నులు ఎప్పుడూ 5 లోనే ఉంటాయి. మీ బోర్డ్‌లో అదే ఎస్‌పీఐ లైన్ల (మోసీ, మీసో, ఎస్‌సీకే) మీద 3.3 వోల్టుల ఎస్‌డీ కార్డ్ ఉందనుకోండి, జంపర్ మార్చాం కదా అని ధీమాగా ఉంటారు, ఈలోపు కార్డ్ పోతుంది.

దీనికి నేను చేసిన రిపేర్ ఇదిగో, 74ఎల్‌వీసీ125 బఫర్ ఒకటి వేశా. దానికి పవర్ టార్గెట్ బోర్డ్ (మనం ప్రోగ్రామ్ ఎక్కిస్తున్న బోర్డ్) నుంచే ఇచ్చా, ఇన్‌పుట్స్ 5 వోల్టులు తట్టుకుంటాయి, అవుట్‌పుట్ మాత్రం టార్గెట్ వోల్టేజ్‌లోనే వస్తుంది. మోసీ, ఎస్‌సీకే, రీసెట్ ఈ మూడూ దాంట్లోంచి వెళ్తాయి, చిప్ జవాబు తెచ్చే మీసో మాత్రం వెనక్కి డైరెక్ట్‌గా వస్తుంది, 3.3ని ఏటీమెగా8 లాజిక్ 1 కిందే చదువుతుంది, మార్జిన్ తక్కువే గానీ పనైపోతుంది. ఒక మెలిక ఉంది, పని అయ్యాక బఫర్ లైన్లు వదిలేయాలి కదా, లేకపోతే టార్గెట్ రన్ అవ్వదు, దానికి వేరే వైర్ అక్కర్లేదు, ప్రోగ్రామింగ్ జరిగేటప్పుడు వెలిగే ఎల్‌ఈడీ పిన్ ఉంది చూడండి, అది లో (0 వోల్టులు) అయితేనే ఎల్‌ఈడీ వెలుగుతుంది, బఫర్ ఎనేబుల్ కూడా లో లోనే ఆన్ అవుతుంది, రెండూ కలిపేశా. ఇది తట్టినప్పుడు రాత్రి రెండు గంటలు, ఇంట్లో చెప్పుకోడానికి ఎవరూ లేరు!

కేబుల్ జానెడు చాలు, పొడుగైతే రింగింగ్ (సిగ్నల్ ఊగిసలాట) వచ్చి వెరిఫై ఎర్రర్లు కొడుతుంది.

కొనమంటారా అంటే, కొనండి, కానీ రెండు కొనండి. దీంట్లో యూఎస్‌బీ నుంచే తనని తాను అప్‌డేట్ చేసుకునే బూట్‌లోడర్ లేదు, కొత్త ఫర్మ్‌వేర్ ఎక్కించాలంటే సెల్ఫ్ ప్రోగ్రామ్ జంపర్ కలిపి ఇంకో ప్రోగ్రామర్‌తోనే ఎక్కించాలి. ఆర్డునో ఊనో ఉన్నవాళ్ళకి ఒక్కటి చాలు, ఊనోనే ప్రోగ్రామర్‌గా మార్చే ఆర్డునో ఐఎస్‌పీ స్కెచ్ వేసి, ఊనో రీసెట్‌కీ గ్రౌండ్‌కీ మధ్య 10 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెట్టి దాంతోనే కొట్టేయండి, ప్లస్ కాలు రీసెట్ వైపు ఉండాలి, అది మాత్రం తిరగేయొద్దు.