తోమా ఆగిన వారం

(ఈస్టర్ తర్వాతి ఆదివారం సాయంత్రం, చెన్నైలో తెలుగు క్రైస్తవుల కూడికలో చేసిన ప్రసంగం)

అందరికీ ప్రభువు నామంలో వందనాలు. అయ్యగార్లకు, సంఘ పెద్దలకు, పిల్లల్ని వెంటబెట్టుకుని ఇంత ఎండలో వచ్చిన అమ్మలకు ప్రత్యేకంగా వందనాలు.

పొద్దున ఆరాధనలో మీలో చాలామంది యోహాను సువార్త 20వ అధ్యాయం విని వచ్చి ఉంటారు. కతోలిక సంఘంలో ఆదివారపు పాఠాలు మూడేళ్లకోసారి తిరిగి వస్తాయి. ఈ ఆదివారం మాత్రం ఏ ఏడైనా సువార్త పాఠం మారదు. తూర్పు సంఘాలవాళ్లు దీన్ని తోమా ఆదివారమనే అంటారు. ప్రభువు లేచిన రోజు సాయంత్రం శిష్యులకు కనబడ్డాడు, అప్పుడు వాళ్లలో ఒకడైన తోమా లేడు. మేకుల గుర్తులు చూసి, వాటిలో వేలు పెడితేనే గానీ నమ్మనన్నాడు. ఎనిమిది రోజుల తర్వాత మళ్లీ వచ్చాడు, అప్పుడు తోమా ఉన్నాడు. మొదటి రోజునూ చివరి రోజునూ కలిపి లెక్కపెడితే ఆ ఎనిమిదో రోజు ఇవాళే.

ఆ రెండు ఆదివారాల మీద మనం ప్రసంగాలు విన్నాం. వాటి మధ్యనున్న వారం గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. నేను దాని గురించే మాట్లాడదామని వచ్చాను.

ముందు తోమా మీదున్న నింద సంగతి చూద్దాం. సండే స్కూల్లో పిల్లల్ని అడగండి, "తోమా ఎవరు?" అంటే "అనుమానించినవాడు" అని టక్కున చెబుతారు. కానీ సువార్తను వరసగా చదవండి. లాజరు చనిపోయాక యేసు యూదయకు బయలుదేరుతుంటే, అక్కడ రాళ్లతో కొట్టబోయారు కదా అని శిష్యులు భయపడ్డారు. "పదండి, ఆయనతో పాటు మనమూ చనిపోదాం" అన్నది తోమా. చివరి రాత్రి యేసు తాను వెళ్లే చోటు గురించి చెబుతుంటే, అర్థం కాకపోయినా మిగతావాళ్లు ఊరుకున్నారు. "ప్రభువా, నువ్వు ఎక్కడికి వెళ్తున్నావో మాకు తెలియదు, దారి ఎలా తెలుస్తుంది?" అని అడిగినవాడు తోమా. మన ఇళ్లలో క్యాలెండర్ల మీద, ఆటోల వెనక అద్దాల మీద, పెళ్లి కార్డుల మీద ఉంటుందే, "నేనే మార్గమును, సత్యమును, జీవమును" అని, ఆ మాట తోమా ప్రశ్నకు వచ్చిన జవాబు. ఆయన అడక్కపోతే ఆ వాక్యం మన గోడ మీదకు ఎలా వచ్చేదో ఆలోచించండి.

ఇంకో సంగతి. మేకుల గుర్తులు చూడాలని తోమా అడిగాడని తప్పుపడతాం. మొదటి ఆదివారం సాయంత్రం యేసు మిగతావాళ్లకు తన చేతుల్నీ ప్రక్కనూ తానే చూపించాడని 20వ వచనంలో ఉంది. చూశాకే వాళ్లు సంతోషించారు. లూకా సువార్త అయితే, సమాధి దగ్గర్నుంచి పరుగున వచ్చిన స్త్రీల మాటల్ని అపొస్తలులు వట్టి మాటలుగా కొట్టిపారేశారని రాసింది. కాబట్టి తోమా అడిగింది మిగతా పదిమందికి అడక్కుండానే దొరికినదే. పేరు మాత్రం ఆయనకొక్కడికే మిగిలింది. నాకిది న్యాయంగా కనబడదు.

ఆదిసంఘపు బోధకులు మనకంటే మెత్తగా చదివారు. 590 నుంచి 604 వరకు పోపుగా ఉన్న మహా గ్రెగరీ, ఈ భాగం మీద చేసిన ప్రసంగంలో, మన విశ్వాసానికి నమ్మిన శిష్యుల విశ్వాసం కంటే తోమా అవిశ్వాసమే ఎక్కువ మేలు చేసిందన్నాడు. అంతకు ముందు అగస్టీను ఇంకో కోణం పట్టుకున్నాడు. తోమా చూసింది, తాకింది మనిషిని. ఒప్పుకున్నది మాత్రం తాను చూడని, తాకని దేవుణ్ణి. "నా ప్రభువా, నా దేవా" అన్న మాట బరువు అక్కడుంది.

నిజానికి తోమా తాకాడని యోహాను ఎక్కడా రాయలేదు. యేసు రమ్మన్నాడు, చెయ్యి చాచమన్నాడు. వెంటనే తోమా ఒప్పుకోలు వస్తుంది. ఆ మధ్యలో వేలు పెట్టాడో లేదో సువార్త చెప్పదు. చిత్రకారులు ఆ ఖాళీలోకి దూరారు. 1601, 1602 ప్రాంతంలో కరవాజియో వేసిన చిత్రం జర్మనీలోని పోట్స్‌డామ్‌లో ఉంది, ఫోన్‌లో వెతికితే దొరుకుతుంది, ఇంటికెళ్లి పెద్దది చేసి చూడండి. వెనక అంతా చీకటి. నాలుగు తలలు ఒకదానికొకటి ఆనుకునేంత దగ్గరగా ఉంటాయి. తోమా నుదుటి మీద లోతైన ముడతలు, భుజం దగ్గర కుట్టు విడిపోయిన అంగీ. ఎండలో పనిచేసి వచ్చిన మనిషిలా ఉంటాడు. ఆయన వేలు గాయంలోకి వెళ్లింది, చూడ్డానికి ఒళ్లు జలదరిస్తుంది. కానీ ఆ చేతిని ఎవరు పట్టుకున్నారో చూడండి. యేసే ఒక చేత్తో తన వస్త్రం పక్కకు తీసి, ఇంకో చేత్తో తోమా మణికట్టు పట్టుకుని దారి చూపిస్తున్నాడు. వెనకనున్న ఇద్దరు శిష్యులు కూడా మెడలు చాచి అక్కడికే చూస్తున్నారు. వాళ్లకూ చూడాలనే ఉంది! నేను ఇందాక వచనాలు చూపించి చెప్పినదాన్ని ఆ చిత్రకారుడు ఇద్దరి మెడల వంపులో చెప్పేశాడు.

ఇక మన ఊరి సంగతి. తోమా క్రీ.శ. 52లో కేరళ తీరంలో దిగి, 72లో ఇక్కడ సెయింట్ థామస్ మౌంట్ కొండ మీద ఈటె పోటుకు చనిపోయాడని సంప్రదాయం. మైలాపూరులో శాంథోమ్ గుడి ఆయన సమాధి మీద కట్టినదంటారు. ఇప్పుడు కనబడే తెల్ల గోపురం 1896లో పూర్తయింది. మౌంట్ మీద 1547లో పోర్చుగీసువాళ్లు తవ్వుతుంటే బయటపడిన రాతి శిలువ ఇవాళ్టికీ బలిపీఠం దగ్గరే ఉంది. దాన్ని తోమాయే చెక్కాడని చాలామంది నమ్ముతారు. దాని చుట్టూ ఉన్న లిపి పహ్లవి, పర్షియా దేశపు పాత లిపి, కాబట్టి అది తర్వాతి శతాబ్దాల్లో ఇక్కడ ప్రార్థించిన క్రైస్తవుల పని అని చెప్పడమే సబబు. అందువల్ల దాని విలువ నా దృష్టిలో తగ్గలేదు. ఆ శిలువ మీద క్రీస్తు దేహం ఉండదు. పైన ఒక పావురం దిగుతూ ఉంటుంది.

13వ శతాబ్దం చివర ఈ తీరం గురించి చెప్పిన మార్కో పోలో, యాత్రికులు తోమా చనిపోయిన చోట మట్టి తీసుకెళ్లి చలిజ్వరంతో ఉన్నవాళ్లకు ఇచ్చేవారని చెప్పాడు. ముట్టుకోవాలనే ఆశ మనుషులకు పోదు. ఈ ఊరికి పని కోసం వచ్చిన నెల్లూరు, ఒంగోలు వైపు మనవాళ్లలో బాప్టిస్టులూ ఉన్నారు, లూథరన్లూ ఉన్నారు. విగ్రహాలకూ అవశేషాలకూ దూరంగా పెరిగినవాళ్లు. అయినా శాంథోమ్‌కు చుట్టాల్ని చూపించడానికి తీసుకెళ్లినప్పుడు, కింద సమాధి గదిలో వాళ్లూ కాసేపు మాట ఆపి నిలబడడం చూశాను. అది తప్పని నేను అనను. తాకమని చెయ్యి చాపినవాడు ప్రభువే.

ఇప్పుడు ఆ వారం దగ్గరికి వస్తాను. 26వ వచనంలో ఒక చిన్న ముక్క ఉంది. శిష్యులు మళ్లీ లోపల ఉన్నారు, తోమా వారితో కూడ ఉన్నాడు. నాకు ఈ అధ్యాయం మొత్తంలో ప్రాణమైన ముక్క ఇదే. పదిమంది చూశామంటున్నారు, ఒకడు నమ్మనంటున్నాడు. వాళ్లు ఆయన్ను వెలివేయలేదు. ఆయనా మీ దారి మీది అని లేచిపోలేదు. తలుపులు మూసి ఉన్నాయి, తోమా లోపలివైపే ఉన్నాడు.

మన కూడికల్లో అలా ఉందా? సాక్ష్యాల సమయంలో మైకు పట్టుకునేది ఎవరు? ఉద్యోగం వచ్చినవాళ్లు, వీసా వచ్చినవాళ్లు, స్కానింగులో గడ్డ కనబడనివాళ్లు. వాళ్లు దేవుణ్ణి స్తుతించాలి, నేనూ వాళ్లతో చప్పట్లు కొడతాను. గడ్డ కనబడినవాళ్లు ఎక్కడ కూర్చున్నారు? కాలేజీ పిల్లవాడు యూత్ మీటింగులో "అన్నా, నాకు నమ్మకం కుదరడం లేదు" అంటే వాడి తల మీద చెయ్యి పెట్టి వెంటనే ప్రార్థన మొదలెడతాం. వాడు చెప్పింది వినం. రెండు వారాల తర్వాత వాడు రాడు, లోకంలో పడిపోయాడంటాం.

పెరంబూరు వైపు ఒక గృహ ప్రార్థన. కొడుకును పోగొట్టుకున్న ఒక పెద్దమ్మ చాప మీద గోడకానుకుని కూర్చుంది. ఒళ్లో బైబిలు, దాని మీద మడిచిన కళ్లజోడు. పాట అందుకోమంటే తల అడ్డంగా ఊపింది. "మీరు పాడండయ్యా, నేను పాడలేను, కూర్చుంటాను" అంది. ఎవరూ ఆమెకు వచనాలు అప్పజెప్పలేదు, ఓదార్పు ప్రసంగం పెట్టలేదు. ఇంటావిడ వచ్చి ఆమె పక్కన కూర్చుని పాడింది. చాలా నెలలపాటు ఆమె అలాగే వచ్చింది, అలాగే కూర్చుంది. ఆ ఇంటివాళ్లు ప్రతిసారీ ఆమెకోసం గోడ పక్క చోటు వదిలి ఉంచేవాళ్లు. వేదాంతం చదువుకోని ఆ ఇంటివాళ్లు 26వ వచనాన్ని అర్థం చేసుకున్నంతగా దాని మీద మాట్లాడే మాలాంటివాళ్లు అర్థం చేసుకున్నారని నేను చెప్పలేను.

"చూడక నమ్మినవారు ధన్యులు" అన్న మాటను తోమాను దెప్పడానికి వాడుకుంటాం. అది మనకోసం అన్న దీవెన. దీవెనను కర్రగా పట్టుకోకూడదు.

అందుకని ఇక్కడున్న సంఘ పెద్దలకు ఒక మనవి. వచ్చే నెల నుంచి గృహ ప్రార్థనల్లో సాక్ష్యాల తర్వాత, ఇంకా జవాబు రాని ప్రార్థనల కోసం కొంత సమయం ఇవ్వండి. ముందుకొచ్చి మైకు పట్టుకోనక్కర్లేదు, కూర్చున్నచోటు నుంచే చెప్పనివ్వండి. మధ్యలో ఎవరూ వచనంతో అడ్డు తగలకండి. యూత్ లీడర్లకు ఇంకొక మాట. వరసగా రెండు వారాలు రాని పిల్లల పేర్లు మీ దగ్గరుంటే ఈ వారమే ఇంటికెళ్లండి, బైబిలు స్టడీకి రమ్మని కాదు, ఊరికే టీ తాగి రండి.

ఇప్పుడు ప్రశ్నలుంటే అడగండి. తోమా అడిగినట్టే అడగండి.