ఉచిత మందుకూ రోగికీ మధ్య

శ్రోతలకు నమస్కారం.

కుష్ఠువ్యాధికి మందు ప్రభుత్వ ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో ఉచితంగా దొరుకుతుంది. రిఫాంపిసిన్, డాప్సోన్, క్లోఫాజిమిన్ కలిపి ఇచ్చే బహుళ ఔషధ చికిత్సను ప్రపంచ ఆరోగ్య సంస్థ 1981లోనే సిఫారసు చేసింది. వ్యాధి రకాన్ని బట్టి ఆరు నెలలో, ఏడాదో వాడితే నయమవుతుంది. చికిత్స మొదలైన కొద్ది రోజులకే ఆ మనిషి నుంచి మరొకరికి సోకే ప్రమాదం దాదాపు తొలగిపోతుంది. అయినా ప్రపంచంలో ఏటా కొత్తగా బయటపడే కేసుల్లో సగానికి పైగా నేటికీ మన దేశంలోనివే. వారిలో కొందరు వేళ్లు వంకరపోయిన తరువాతనో, అరికాలికి మానని పుండు పడిన తరువాతనో ఆసుపత్రి గడప తొక్కుతున్నారు. మందుకు వెల లేనప్పుడు, ఆసుపత్రి మండలంలోనే ఉన్నప్పుడు, ఇన్నేళ్లు వారిని ఆపిందేమిటి?

జబ్బును మనుషుల నమ్మకాలతో, వారి సమాజంతో కలిపి చూసే వైద్య మానవశాస్త్రం ముఖ్యంగా ఇలాంటి ప్రశ్నలతోనే పనిచేస్తుంది. అమెరికాకు చెందిన మనోవైద్యుడు, మానవశాస్త్రవేత్త ఆర్థర్ క్లైన్‌మన్, జబ్బు గురించి వైద్యుడు చెప్పే కారణంతో పాటు రోగి తనకు తాను చెప్పుకునే కారణాన్ని కూడా తెలుసుకోవాలని వాదించారు. ఇది ఎందుకు వచ్చిందని అనుకుంటున్నావు, దీనివల్ల నీకు కలిగే భయమేమిటి అని రోగిని అడగమన్నారు. ఒక సమాజంలో మనిషికి అన్నిటికన్నా విలువైనది ఏదో, జబ్బు మీది నింద సరిగ్గా దానినే దెబ్బతీస్తుందని కూడా ఆయన, ఆయన సహచరులు చూపించారు. మన పల్లెల్లో ఆ విలువైనది చాలాసార్లు పిల్లల పెళ్లి, ఇంటి పరువు.

పెళ్లీడుకొచ్చిన అమ్మాయి జబ్బ మీద కొంచెం పాలిపోయిన మచ్చ ఒకటి కనబడిందనుకోండి. నొప్పి లేదు, దురద లేదు. ఆశా కార్యకర్త వచ్చి, కళ్లు మూసుకోమని, బాల్‌పెన్ను మొనతో ఆ మచ్చ మీద మెల్లగా తాకి, ఎక్కడ తాకానో వేలితో చూపించమని అడగబోతుంది. చుట్టుపక్కల చర్మం మీద తాకినప్పుడు సరిగ్గా చూపించి, మచ్చ మీద తాకినప్పుడు వేలు కదలకపోతే, అక్కడ స్పర్శ పోయిందని, అది కుష్ఠు కావచ్చని తెలుస్తుంది. కానీ నిమిషం కూడా పట్టని ఈ పరీక్షను తల్లి జరగనివ్వదు. ‘మా పిల్లకేం లేదమ్మా, ఎండకు వచ్చిన మచ్చ’ అని తలుపు దగ్గరనుంచే పంపేస్తుంది. ఆమెది తెలియనితనమని మనం తేలిగ్గా అనేస్తాం. కానీ ‘పెద్దరోగం’ అన్న మాట ఒక్కసారి వీధిలో పడితే ఆ అమ్మాయికే కాదు, ఆమె చెల్లెలికి కూడా సంబంధాలు రావని ఆ తల్లికి బాగా తెలుసు. తన ఊరిని చూసి చేసుకున్న లెక్క అది. ఆ లెక్కలో తప్పేమైనా ఉంటే అది ఊరిది.

అందుకే అలాంటివారు ముందు చెట్టుమందుకో, ఆర్‌ఎంపీ ఇచ్చే పూతమందుకో వెళతారు. ఆ తరువాత, తమనెవరూ గుర్తుపట్టని మరో జిల్లాలోని ఆసుపత్రికి బస్సు ఛార్జీలు పెట్టుకుని, కూలి పోగొట్టుకుని వెళతారు. మందు చేతికొచ్చినా దాపరికం తీరదు. క్లోఫాజిమిన్ వాడితే ఒళ్లు నల్లబడుతుంది. అది చికిత్స ముగిశాక క్రమంగా తగ్గిపోయేదే అయినా, ‘ఎందుకిలా నల్లబడ్డావు’ అని అడిగేవారికి జవాబు చెప్పలేక మాత్రలు మానేసేవారున్నారు. రిఫాంపిసిన్ వేసుకున్న రోజు మూత్రం ఎర్రగా వస్తుందని ముందే చెప్పకపోతే, మందు వికటించిందని బెదిరిపోయేవారూ ఉన్నారు.

ఇక ‘ఏ జన్మలో చేసిన పాపమో’ అనే మాట. ఈ జబ్బుకు కారణమైన సూక్ష్మజీవిని నార్వేకు చెందిన వైద్యుడు హాన్సెన్ 1873లోనే గుర్తించినా, పాపఫలమన్న ఆ తీర్పు చెరిగిపోలేదు. జబ్బు పాపఫలమని నమ్మినచోట దానిని దాచుకోవడం మర్యాద అవుతుంది, వైద్యానికి వెళ్లడం నేరాన్ని ఒప్పుకున్నట్టవుతుంది. రోగి కూడా ఆ తీర్పునే నమ్మి తనను తాను వెలివేసుకుంటాడు. నా దృష్టిలో అన్నిటికన్నా బాధాకరమైనది ఇదే.

ఈ తీర్పు ఇరుగుపొరుగు నోళ్లలోనే కాదు, చట్టంలోనూ ఉండేది. నిరుపేద కుష్ఠురోగులను పట్టుకుని ఆశ్రమాల్లో నిర్బంధించడానికి బ్రిటిష్ ప్రభుత్వం 1898లో తెచ్చిన చట్టం 2016లో గాని రద్దు కాలేదు. నయమయ్యే మందు వచ్చి మూడు దశాబ్దాలు దాటినా, కుష్ఠువ్యాధి విడాకులకు కారణంగా చెల్లుతూనే వచ్చింది. హిందూ వివాహ చట్టంతో సహా ఐదు చట్టాలను సవరించి 2019లో దానిని తొలగించారు. మచ్చ కనబడిన భార్య ఆసుపత్రి చీటీని ఇంట్లో ఎందుకు దాచిపెట్టేదో అర్థం చేసుకోవడానికి ఈ ఒక్క సంగతి చాలు.

2005 డిసెంబరు నాటికి పదివేల మందికి ఒక రోగి కంటే తక్కువ స్థాయికి వ్యాధి దిగివచ్చిందని మన దేశం ప్రకటించింది. అది నిజమైన విజయమే. కానీ వ్యాధి పూర్తిగా పోయిందని జనం అనుకున్నారు, కొన్నిచోట్ల వైద్యసిబ్బంది కూడా అనుకున్నారు; దాచుకునేవారిని వెతికే చూపు మందగించింది. ఇక్కడే ఒక విషవలయం ఉంది. భయంతో ఆలస్యం చేసినవారికి నరాలు దెబ్బతింటాయి. స్పర్శ పోయిన చేతితో పొయ్యి మీది గిన్నె దించితే కాలినట్టు తెలియదు, కాలిలో ముల్లు దిగినా తెలియదు. ఆ గాయాలు ముదిరి వేళ్లు పోతాయి. ఊరికి కనబడేది ఆ చేతులే. మొదట్లోనే మందు వాడి, ఏ గుర్తూ మిగలకుండా నయమై, పొలానికో ఆఫీసుకో వెళుతున్నవారు ఎవరి కంటికీ రోగుల్లా కనబడరు కనుక, ఈ జబ్బంటే అవిటితనమేనన్న నమ్మకం తరం తరువాత తరానికి బలపడుతూ వస్తుంది.

ఇప్పుడు రోగి ఇంటివారికీ, దగ్గరగా మసలేవారికీ జబ్బు రాకుండా ఒక్క మోతాదు రిఫాంపిసిన్ ఇచ్చే పద్ధతి అమలులో ఉంది. మంచి పద్ధతే. అయితే పొరుగువారికి మాత్ర ఇవ్వాలంటే ఎందుకిస్తున్నారో చెప్పాలి, చెబితే రోగి ఎవరో తెలిసిపోవచ్చు. అందుకే పొరుగింటికి వెళ్లే ముందు రోగి అనుమతి తీసుకోవాలన్న నియమం ఉంది. ఆ అనుమతిని వాకిట్లో నలుగురి ముందు, సంతకం కోసం కాగితం చాపి అడగకూడదు. లోపల కూర్చుని, అడిగిన ప్రశ్నలకు జవాబులిచ్చి, వద్దంటే ఆ రోజుకు వెనక్కి వచ్చి, మరో రోజు మళ్లీ వెళ్లే తీరిక ఆశా కార్యకర్తకు దొరకాలి. ఆమె చేతిలోని పనుల జాబితా చూస్తే, ఆ తీరికను ఆమెకు ఇవ్వవలసింది ఆమె పై అధికారులేనని తెలుస్తుంది.