పాల్మాకు కాపలా ఎవరిది?

(ప్రసంగ పాఠం)

అధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు, ముందు వరుసల్లో నోటుపుస్తకాలు తెరుచుకుని కూర్చున్న పెట్రోలియం ఇంజనీరింగ్ విద్యార్థులకు నమస్కారం. ఆహ్వానపత్రంలో నా అంశం ‘విదేశీ శక్తులు, ఇంధన ప్రయోజనాలు, ఇస్లామిక్ తీవ్రవాదం’ అని వేశారు. ఆ మూడు మాటలూ పట్టుకుని ఇరాక్, సిరియా, లిబియా అంటూ తిరిగితే ఇక్కడే తెల్లారిపోతుంది. అందుకని ఒక్కచోటే ఉంటాను. మొజాంబిక్ దేశానికి ఉత్తరపు కొస, టాంజానియా సరిహద్దును ఆనుకున్న కాబో డెల్గాడో రాష్ట్రం.

అదే ఎందుకంటే, అక్కడ మన డబ్బుంది. ఆ రాష్ట్రం ఎదుట సముద్రంలో ఏరియా 1 అనే గ్యాసు బ్లాకు ఉంది. అందులో ఓఎన్‌జీసీ విదేశ్‌కు నేరుగా 10 శాతం, భారత్ పెట్రోలియం వారి కంపెనీకి 10 శాతం, ఓఎన్‌జీసీ విదేశ్, ఆయిల్ ఇండియా కలిసి పెట్టుకున్న బియాస్ రొవుమా కంపెనీకి ఇంకో 10. మొత్తం 30. ప్రాజెక్టు నడిపే టోటల్‌ఎనర్జీస్ వాటా 26.5 మాత్రమే. అంటే మన ప్రభుత్వరంగ సంస్థలన్నీ కలిపితే ఫ్రెంచివారికన్నా మనకే ఎక్కువ. తాటిపాకలో, ఓడలరేవులో మీరు రోజూ చూసే ఓఎన్‌జీసీ బోర్డు తాలూకు కంపెనీయే అది. ఆ గ్యాసు కర్మాగారం దగ్గరున్న పాల్మా అనే ఊరి పేరు ఇదివరకు విన్నవాళ్ళు చేతులెత్తండి. నలుగురు. సరే.

ముందు సరుకు సంగతి. 2010లో అనడార్కో అనే అమెరికా కంపెనీ అక్కడ లోతు సముద్రంలో గ్యాసు కనుక్కుంది. దాన్ని జపానుకో మనకో అమ్మాలంటే గొట్టం వేయలేరు. ఒడ్డుకు తెచ్చి, నీరు, కార్బన్ డయాక్సైడ్ తీసేసి, మైనస్ 162 డిగ్రీలకు చల్లబరిస్తే ద్రవమవుతుంది. ఘనపరిమాణం ఆరువందల వంతుకు తగ్గుతుంది. అప్పుడు ఓడకెక్కిస్తారు. చల్లబరిచే ఒక్కో వరుస యంత్రాలను ట్రెయిన్ అంటారు. ఇక్కడ రెండు ట్రెయిన్లు, ఏడాదికి దాదాపు 1 కోటి 30 లక్షల టన్నులు. పెట్టుబడి నిర్ణయం 2019 జూన్‌లో, 20 బిలియన్ డాలర్ల అంచనాతో జరిగింది. అదే ఏడాది అనడార్కో వాటాను టోటల్ 3.9 బిలియన్‌కు కొనేసింది.

ఇక్కడే ఒక సాంకేతిక విషయం మీరు బాగా పట్టుకోవాలి, రాజకీయమంతా దానిమీదే నడుస్తుంది. ముడి చమురును తీవ్రవాది అమ్ముకోగలడు. సిరియాలో దెయిర్ ఎజ్‌జోర్ ప్రాంతంలో ఐసిస్ చేసింది అదే. బావి దగ్గరే ట్యాంకరు లారీలకు అమ్మింది. కొన్నవాళ్ళు ఇనప పీపాల్లో, మట్టిగుంటల పక్కన మంటపెట్టి మరిగించి డీజిలు తీశారు. నాసిరకం డీజిలే, కానీ అమ్ముడుపోయింది. చల్లబరిచి ద్రవం చేసిన ఈ గ్యాసును, అంటే ఎల్‌ఎన్‌జీని, అలా అమ్మడం కుదరదు. అతిశీతలంగా ఉంచే క్రయోజెనిక్ ట్యాంకు, కంప్రెషరు, ప్రత్యేకమైన ఓడ లేకుండా ఒక్క లీటరు కూడా చేతికి రాదు. కాబట్టి కాబో డెల్గాడో తీవ్రవాదులు గ్యాసు కోసం పోరాడుతున్నారని టీవీ చర్చల్లో అనేవాళ్ళకు ఆ సరుకు స్వభావం తెలియదు. వాళ్ళకు గ్యాసు ఆదాయం కాదు. దాని పక్కన దాడి చేస్తే ప్రపంచమంతా వార్త అవుతుంది, అదీ లాభం.

ఇంకో వర్గం ఉంది. పాశ్చాత్య దేశాలే గ్యాసు కోసం వీళ్ళను పుట్టించాయంటారు. తేదీలు చూద్దాం. బలామా జిల్లాలో పాత మసీదులతో తెగదెంపులు చేసుకున్న కొత్త శాఖ జాడ 2007 నుంచే ఉందని చరిత్రకారులు తేల్చారు. గ్యాసు బయటపడింది 2010లో. ఆ కుర్రాళ్ళు తమ పిల్లల్ని సర్కారు బడికి పంపం అన్నారు, మసీదులోకి చెప్పులతోనే వెళ్ళారు, పెద్దల నమాజు తప్పన్నారు. అక్కడి సూఫీ పెద్దలు, ఇస్లామిక్ కౌన్సిలువాళ్ళు అధికారుల దగ్గరికి పోయి, వీళ్ళు ప్రమాదకరం అని మొరపెట్టుకున్నారు. ముస్లిములే ముందు చెప్పారు, ప్రభుత్వమే వినలేదు. ఈ ముక్క చర్చల్లో ఎవరూ ఎత్తరు కనక మళ్ళీ చెప్తున్నా: మొదటి ఫిర్యాదు మసీదు నుంచే వచ్చింది.

మరి ఆ చిన్న గుంపుకు సైన్యం ఎలా జమైంది? 2009లో మొంటెపుయెజ్ దగ్గర కెంపులు దొరికాయి. చేతితో తవ్వుకునేవాళ్ళు వేలల్లో చేరారు. తర్వాత గనిహక్కు బ్రిటిష్ కంపెనీ జెమ్‌ఫీల్డ్స్‌కు 75 శాతం, పాలక ఫ్రెలిమో పార్టీకి చెందిన ఒక జనరల్ భాగస్వామిగా ఉన్న స్థానిక కంపెనీకి 25 శాతం వెళ్ళింది. తవ్వుకునేవాళ్ళను తరిమేటప్పుడు కొట్టారని, చంపారని లండనులో కేసు పడితే, తప్పు ఒప్పుకోకుండానే 2019లో కంపెనీ 58 లక్షల పౌండ్లకు రాజీపడింది. 2017 ఫిబ్రవరిలో పోలీసులు వేలమందిని ఒక్కపెట్టున గనుల నుంచి వెళ్ళగొట్టారు. అదే ఏడాది అక్టోబరు 5 తెల్లవారుజామున మొసింబోవా ద ప్రాయా రేవుపట్నంలో సుమారు 30 మంది మూడు పోలీసు పోస్టులమీద పడ్డారు. యుద్ధం మొదలైంది ఆ రోజే. సర్కారు ఏం చేసింది? మసీదులు మూసింది, వందలమందిని లోపల వేసింది. ఆ గుంపుతో సంబంధం లేనివాళ్ళు కూడా అటువైపు చూడటం మొదలుపెట్టారు. ఐసిస్ తన పేరు తగిలించుకున్నది 2019 జూన్‌లో, అంటే దుకాణం తెరిచిన ఏడాదిన్నరకు వచ్చి బోర్డు పెట్టింది.

ఇప్పుడు విదేశీ శక్తులు. ఇక్కడ సైన్యాల గురించి మొదలుపెడదామని కాగితంమీద రాసుకున్నాను, కానీ పడవల సంగతి చెప్పకుండా ముందుకు వెళ్ళడానికి మనసొప్పదు. అధ్యక్షులవారు గడియారం చూడకండి.

గ్యాసు వస్తుంది, మనకేం తక్కువ అన్న ధీమాతో 2013, 14లలో మొజాంబిక్ ప్రభుత్వ కంపెనీలు మూడు అప్పు చేశాయి. ప్రొఇండికస్ అనే తీరరక్షణ కంపెనీ 622 మిలియన్ డాలర్లు. ఎమాటుమ్ అనే చేపల కంపెనీ 850 మిలియన్లు. ఎంఏఎం అనే ఓడల మరమ్మతు కంపెనీ 535 మిలియన్లు. కలిపి 2 బిలియన్లు. ఇచ్చింది స్విట్జర్లాండు బ్యాంకు క్రెడిట్ సుయిస్, రష్యా బ్యాంకు వీటీబీ. పడవలు కట్టింది ప్రివిన్వెస్ట్ అనే ఓడల కంపెనీల కూటమి, కొన్నిటిని ఫ్రాన్సులోని షెర్బూర్‌లో కట్టారు. 24 చేపల పడవలు, కాపలా పడవలు. పూచీకత్తు మీద సంతకం ఆర్థికమంత్రి మాన్యుయెల్ చాంగ్‌ది. పార్లమెంటును అడగలేదు. రెండు అప్పులైతే ఉన్నాయన్న సంగతే దాచారు.

2016లో గుట్టు బయటపడింది. ఐఎంఎఫ్ డబ్బు ఆపేసింది, దాతలు ఆపేశారు, అక్కడి కరెన్సీ మెటికల్ విలువ బాగా పడిపోయింది. క్రోల్ సంస్థ 2017లో ఆడిట్ చేస్తే పడవలకూ సరంజామాకూ వేసిన ధర 713 మిలియన్లు ఎక్కువని, ఇంకో 500 మిలియన్లు ఎటు పోయాయో లెక్కే లేదని తేలింది. కంచే చేను మేసిందంటారే, ఇక్కడ కంచె కొంటామని చెప్పి చేను తాకట్టు పెట్టారు. చేపల పడవలు రాజధాని మపూటో రేవులో తుప్పుపట్టాయి. చాంగ్‌కు న్యూయార్కు కోర్టులో శిక్ష పడింది, ఎనిమిదిన్నరేళ్ళు. మాజీ అధ్యక్షుడి కొడుక్కి మపూటోలో 12 ఏళ్ళు. క్రెడిట్ సుయిస్ జరిమానా కట్టి, 200 మిలియన్ల అప్పు మాఫీ చేసింది.

తీరం కాపలాకని రెండు బిలియన్లు పోశారు కదా. 2020 ఆగస్టులో తీవ్రవాదులు మొసింబోవా రేవునే పట్టుకున్నారు. ఏ రేవు? గ్యాసు ప్రాజెక్టుకు సామాన్లు దింపాల్సిన రేవు. ఆ పోరులో కాపలా పడవ ఒకటి తీవ్రవాదుల రాకెట్ దెబ్బకు మునిగిందని అప్పట్లో వార్తలొచ్చాయి. ఏడాదిపాటు ఆ పట్నం వాళ్ళ చేతిలోనే ఉంది. సైనికుడికి సరైన జీతం, తిండి, బూట్లు లేక పారిపోతుంటే, అప్పు మాత్రం డాలర్లలో కట్టాలి. ఇంధన రాబడి రాకముందే దాని పేరుమీద అప్పు చేసి, ఆ అప్పుతో భద్రతను గుల్ల చేసుకున్న దేశం ఇంకొకటి నాకు కనపడలేదు.

దాంతో కాపలా కూడా బయటినుంచి కొనాల్సి వచ్చింది. 2019 సెప్టెంబరులో రష్యా కిరాయి సైన్యం వాగ్నర్ మనుషులు వచ్చారు. అడవి కొత్త, భాష కొత్త, స్థానిక సైన్యంతో పొసగలేదు. మనుషుల్ని పోగొట్టుకుని నెలల్లోనే వెళ్ళిపోయారు. తర్వాత దక్షిణాఫ్రికా నుంచి డైక్ అడ్వైజరీ గ్రూపు అనే ప్రైవేటు భద్రతా కంపెనీ, చిన్న హెలికాప్టర్లతో. చిన్న హెలికాప్టరులో నలుగురైదుగురికి మించి పట్టరు, గంటల తరబడి గాల్లో ఉండలేదు. ఇది గుర్తుపెట్టుకోండి, పాల్మాలో అక్కరకొస్తుంది.

గ్యాసు కర్మాగారం పాల్మా జిల్లాలో అఫూంగి అనే చోట. సుమారు 7,000 హెక్టార్ల భూమి. మొజాంబిక్‌లో భూమి అంతా రాజ్యానిదే, మనుషులకు వాడుకునే హక్కు మాత్రమే. 550కి పైగా కుటుంబాలను లేపి కితుండా అనే కొత్త ఊరు కట్టారు. ఇళ్ళు బాగానే కట్టారు, ఆ మాట ఒప్పుకోవాలి. కానీ చేపలు పట్టేవాడి ఇల్లు సముద్రానికి దూరమైంది. పోటు వెళ్ళాక ఇసుకలో గవ్వలు, నత్తలు ఏరుకునే ఆడవాళ్ళ పనికి ధర కట్టడం ఏ లెక్కల పుస్తకంలోనూ తేలిక కాదు. కొబ్బరిచెట్టుకు లెక్క ఉంటుంది, పోటుకూ పాటుకూ ఉండదు.

కాపలా ఏర్పాటు ఎలా ఉందంటే: కంపెనీకీ, రక్షణ, హోం శాఖలకీ ఒప్పందం. దాని కింద ఒక ఉమ్మడి దళం. సైనికులు ప్రభుత్వంవాళ్ళు, ఆజ్ఞ ప్రభుత్వానిది, భత్యం, వసతి కంపెనీవి. ఒప్పందం కాపాడేది స్థలాన్ని. 2021 మార్చి నాటికి అఫూంగి కంచె లోపల సుమారు 800 మంది ఉన్నారు. పాల్మా పట్నంలో ఉన్నది కొద్దిమంది పోలీసులు, సైనికులు.

మార్చి 24, బుధవారం. ప్రాజెక్టు చుట్టూ 25 కిలోమీటర్ల మేర ప్రత్యేక భద్రతా ప్రాంతం ప్రకటించారు కనక పని మళ్ళీ మొదలుపెడుతున్నామని టోటల్ ఆ రోజే చెప్పింది. పాల్మా ఆ 25 కిలోమీటర్లలోనే ఉంది. ఆ రోజే దాడి జరిగింది. అమరులా అనే హోటల్లో దాదాపు రెండువందలమంది, కాంట్రాక్టర్లు, స్థానికులు, చిక్కుకున్నారు. డైక్ హెలికాప్టర్లు కొందరిని మోసుకుపోయాయి. ఇంధనం అయిపోయింది. అఫూంగిలో ఇంధనం అడిగితే ఇవ్వలేదని డైక్ వాళ్ళ ఆరోపణ, మేం సాయం చేశామని టోటల్ జవాబు. తెల్లవాళ్ళను ముందు ఎక్కించారని మానవహక్కుల సంస్థ ఆమ్నెస్టీ నివేదిక, కాదని డైక్. 26న ఇక లాభం లేదని 17 బళ్ళు వరసగా బయల్దేరాయి. దారికాచి కాల్చారు. దాటింది ఏడు బళ్ళే. పాల్మా మొత్తంలో చనిపోయినవాళ్ళు వెయ్యికి పైనేనని ఇంటింటికీ తిరిగి చేసిన ఒక లెక్క చెప్తోంది, ప్రభుత్వం ఒప్పుకున్నది పదుల్లో. బతికినవాళ్ళలో వేలమంది ఎక్కడికి పరిగెత్తారో ఊహించండి. కితుండాకు. కంచె గేటు బయటికి.

ఏప్రిల్ 26న టోటల్ ఫోర్స్ మెజర్ ప్రకటించింది. అంటే మా చేతిలో లేని కారణంవల్ల ఒప్పందపు పనులు ఆపుతున్నాం అని. విద్యార్థులూ, ఆ క్లాజు రాసేటప్పుడు ‘తిరుగుబాటు’ అన్న మాట ఎక్కడ పెడతారో, ఆగిన కాలానికి ఖర్చు ఎవరిదంటారో చదవడం నేర్చుకోండి. నాలుగున్నరేళ్ళ తర్వాత 2025 నవంబరులో దాన్ని ఎత్తేసేటప్పుడు కంపెనీ, అదనంగా 4.5 బిలియన్ డాలర్లు ఖర్చయింది, కన్సెషన్, అంటే గ్యాసు తీసుకునే హక్కు, పదేళ్ళు పొడిగించండి అని అడిగింది. ఊరివాళ్ళకు ఆ క్లాజు లేదు.

రువాండా సైన్యం 2021 జూలైలో వెయ్యిమందితో దిగింది, ఆగస్టు 8కి మొసింబోవా పట్టుకుంది. క్రమశిక్షణ ఉన్న సైన్యం, స్వాహిలీ తెలిసినవాళ్ళు, గస్తీ నడిచి తిరుగుతారు, అందుకే పనిచేసింది. యూరోపియన్ యూనియన్ 2022లో 20 మిలియన్ యూరోలు, 2024లో మళ్ళీ 20 మిలియన్లు ఇచ్చింది. కాంగోలో ఎం23 తిరుగుబాటుదారులకు అండగా ఉందని ఐక్యరాజ్యసమితి నిపుణులు వేలెత్తి చూపిన సైన్యమూ అదే. ఇక్కడ రక్షకుడు, అక్కడ నిందితుడు. వాళ్ళు బలంగా ఉన్నది పాల్మా, మొసింబోవా జిల్లాల్లో, అంటే గ్యాసు చుట్టూ. తీవ్రవాదులు చిన్న గుంపులుగా విడిపోయి దక్షిణానికి, మకోమియా అడవులకు జరిగారు. ఈ ప్రాజెక్టుకిచ్చే 4.7 బిలియన్ డాలర్ల అప్పును అమెరికా ప్రభుత్వ ఎగ్జిమ్ బ్యాంకు 2025 మార్చిలో మళ్ళీ ఖాయం చేసింది, బ్రిటన్ అదే ఏడాది డిసెంబరులో తన 1.15 బిలియన్ డాలర్ల సాయం వెనక్కి తీసుకుంది.

మనం ఏం చేశాం? 2019లో రెండు వేగపు పడవలు ఇచ్చాం. 2021 డిసెంబరులో ఐఎన్ఎస్ కేసరి మీద ఇంకో రెండు, 500 టన్నుల ఆహారంతో కలిపి పంపాం. మళ్ళీ పడవలే! ఉచితంగా ఇచ్చాం, అది మంచిదే, తిండి అంతకన్నా మంచిది. కానీ యుద్ధం జరుగుతున్నది నేలమీద, పోలీసు స్టేషను ముందు, మసీదు వాకిట్లో, గనిగుంట దగ్గర. ఏడాదికి 10 లక్షల టన్నులు కొంటామని భారత్ పెట్రోలియం ఒప్పందం రాసుకుంది. 30 శాతం వాటాదారు ఆ భద్రతా ఒప్పందం కాగితం ఇలా పట్రండి అని అడగగలడు. కంచెకు ఎంతమంది, పట్నానికి ఎంతమంది, గేటు బయటికి జనం పరిగెత్తుకొస్తే తలుపు తీసే అధికారం ఎవరిదో ఆ కాగితంలో ఉండాలి.

చీటీ వచ్చింది, రెండోసారి. విద్యార్థులకు ఒక పని చెప్పి దిగిపోతాను. ఓఎన్‌జీసీ, ఆయిల్ ఇండియా, భారత్ పెట్రోలియం మూడింటి వార్షిక నివేదికలూ ఆన్‌లైన్‌లో ఉంటాయి. 2020-21 నుంచి వరసగా తీయండి. మొజాంబిక్ పేరా దగ్గర ఆగి, మొదటి సరుకు తేదీ ఏడాదికేడాది ఎలా జరిగిందో, ఆగిన కాలపు ఖర్చు ఏ పద్దు కింద వేశారో రాసుకోండి. ఆ తర్వాత ‘పాల్మా’ అని కొట్టి వెతకండి. ఎన్నిసార్లు వచ్చిందో నాకు చెప్పండి. ప్రశ్నలుంటే అడగండి, పడవల గురించి అయితే ఇంకో అరగంట పడుతుంది.