ధాత కరువు, మద్రాసు కూలి

సభలోని పెద్దలకు నమస్కారం.

మీలో ప్రభుత్వోద్యోగం చేసి రిటైరైనవారు చాలామందే కనిపిస్తున్నారు. కరువు భత్యం ఎంత పెరిగిందో ఏళ్ల తరబడి లెక్కచూసుకున్నవారే. వానతో, పంటతో నిమిత్తం లేని ఆ భత్యానికి కరువు పేరెందుకు? ధర వల్ల. గింజ ఊళ్లో ఉంటుంది, మన చేతికి అందదు. మద్రాసు చరిత్రలో కరువుకు ఆ అర్థమే సరిగ్గా సరిపోతుంది.

మనవాళ్లు కరువులకు సంవత్సరాల పేర్లు పెట్టుకున్నారు. 1832–33లో గుంటూరు సీమను తుడిచిపెట్టింది నందన కరువు. తిండి వెతుక్కుంటూ మద్రాసు దారి పట్టినవారిలో ఎందరో దారిలోనే పడిపోయారు. 1876లో వానలు ముఖం చాటేశాయి. బళ్లారి, కర్నూలు, కడప, నెల్లూరు ఎండిపోయాయి. ఆ ఏడు ధాత. తమిళులు కూడా ఆ ఏటి పేరుతోనే దాన్ని తలుచుకుంటారు.

పంట పోయినమాట నిజమే. కానీ దేశంలో గింజ నిండుకోలేదు. ఆ రెండేళ్లూ గోధుమలు ఓడలెక్కి ఇంగ్లండుకు పోతూనే ఉన్నాయి. మద్రాసు ప్రభుత్వం తానే ధాన్యం కొనబోతే, వ్యాపారంలో వేలు పెట్టవద్దని వైస్రాయ్ లిట్టన్ అడ్డుపడ్డాడు. ధర చుక్కలనంటింది. పొలం లేని కూలీ, మగ్గం ఆగిన నేతగాడు ముందు పోయారు.

ఇక్కడే రిచర్డ్ టెంపుల్ అనే బ్రిటిషు అధికారి వస్తాడు. 1874లో బిహారులో బర్మా బియ్యం తెప్పించి జనాన్ని బతికించినవాడు ఇతనే. ఖర్చు మితిమీరిందని పైవాళ్లతో చీవాట్లు తిన్నాడు. 1877 జనవరిలో మద్రాసుకు వచ్చేటప్పుడు ఆ చీవాట్లు మాత్రం మరిచిపోలేదు. ప్రభుత్వం పెట్టిన కరువు పనుల్లో రోజంతా మట్టి మోసిన మగవాడికి కూలిగా సుమారు 450 గ్రాముల గింజల ఖరీదు, పైన కొద్దిపాటి చిల్లర చాలన్నాడు. ఆడవాళ్లకు, పిల్లలకు అంతకన్నా తక్కువ. మద్రాసు పారిశుద్ధ్య కమిషనర్ డాక్టర్ కార్నిష్ ససేమిరా అన్నాడు. 680 గ్రాములైనా ఇవ్వాలని, తోడుగా పప్పు, కూరగాయలు ఉండాలని పట్టుబట్టాడు. ఉత్తరాలు అటూ ఇటూ నడిచాయి. చివరికి 570 గ్రాముల గింజ, 43 గ్రాముల పప్పు దగ్గర బేరం తెగింది. ఆ పప్పును ఇంట్లో ఒకసారి తూచి చూడండి, గుప్పెడు. దానికోసం నెలల తరబడి కాగితాల యుద్ధం! బ్రిటిషు ప్రాంతాల్లో చనిపోయినవారు సుమారు 55 లక్షలని అంచనా.

ఈ నగరం ఆ కూలి మీద కొంత నిలబడి ఉంది. కూవం, అడయారు నదులను కలుపుతూ దాదాపు ఎనిమిది కిలోమీటర్ల కాలువను 1877–78లో కరువు కూలీలే తవ్వారు. పేరు మాత్రం గవర్నరు బకింగ్‌హామ్‌ది; తవ్వినవారి పేర్లు ఎవరు రాస్తారు? మీరు ఎక్కే ఎత్తు రైలు స్తంభాలు చాలాచోట్ల ఆ కాలువలోనే దిగి ఉన్నాయి. ఉత్తర చెన్నైలో స్టాన్లీ ఆస్పత్రిని ముసలివారు కంజి తొట్టి ఆస్పత్రి అంటారు. 1782 నాటి కరువులో అక్కడి మణెగారు సత్రం గంజి పోసింది. కంజి, గంజి, తొట్టి. మనకు అర్థం కాని ముక్క అందులో ఒక్కటీ లేదు.

1880లో కరువు కమిషన్ నివేదిక, దాని వెంట నిబంధనావళులు వచ్చాయి. ధాన్యం ధర ఎగబాకడం, అప్పు పుట్టకపోవడం, జనం ఊళ్లు వదలడం వంటివి చూసి ముందే మేలుకోవాలని అధికారులకు చెప్పారు. ఇప్పుడు అంతర్జాతీయ సంస్థలు క్షామమని ప్రకటించాలంటే లెక్క వేరు. ఐదు కుటుంబాల్లో ఒకటి తిండికి అలమటించాలి. వందమంది పిల్లల్లో ముప్పైమంది తీవ్రంగా చిక్కిపోవాలి. పదివేలమందిలో రోజుకు ఇద్దరు చనిపోవాలి. సోమాలియాలో 2011 జూలైలో ఆ ప్రకటన వెలువడేసరికి, ఆ క్షామం మొత్తం మీద పోయిన ప్రాణాల్లో దాదాపు సగం అప్పటికే పోయాయి.

ఇక మీ ప్రశ్నలు అడగండి.