పాత ఫోర్‌ట్రాన్ ప్రోగ్రామ్‌లో స్టాక్ ఓవర్‌ఫ్లో: పట్టుకునేదెలా, సరిచేసేదెలా

నమస్కారం అండీ. ఇవాళ ఫోర్‌ట్రాన్ 77లో రాసిన పాత కోడ్ ఒకటి తెరిచా. లోహపు పలకలో వేడి ఎలా పాకుతుందో లెక్కగట్టే ప్రోగ్రామ్. ఏళ్ల తరబడి బాగా నడిచింది. లూపులు త్వరగా అవుతాయని లూప్ పనిని థ్రెడ్లకి పంచే ఓపెన్‌ఎంపీ డైరెక్టివ్ ఒకటి పెట్టి, జీఫోర్‌ట్రాన్ కంపైలర్‌కి ఆ ఫ్లాగ్ ఇచ్చి కంపైల్ చేశా. రన్ చేద్దాం... ఇదిగో, సెగ్మెంటేషన్ ఫాల్ట్. అంటే ముట్టుకోకూడని మెమరీని ముట్టుకుందని సిస్టమ్ ప్రోగ్రామ్‌ని ఆపేసింది.

లినక్స్‌లో ఇంతేనండీ, స్టాక్ ఓవర్‌ఫ్లో అని పేరు పెట్టి చెప్పదు. సబ్‌రొటీన్లు నడిచేటప్పుడు తాత్కాలికంగా వాడుకునే మెమరీ స్టాక్, దాని హద్దు దాటితే స్టాక్ ఓవర్‌ఫ్లో. సరే, ఆ హద్దు ఎంతో చూపే యూలిమిట్ హైఫన్ ఎస్ కొడుతున్నా. 8192. అంటే 8 ఎంబీ. అన్‌లిమిటెడ్ చేసి మళ్లీ రన్ చేస్తున్నా... నడిచింది. స్టాక్ గొడవే అని తేలింది. కానీ ఇక్కడితో ఆపకండి, దయచేసి ఆపకండి. ఎందుకో కాసేపట్లో చూపిస్తా. మళ్లీ 8192 పెట్టేశా.

ఇప్పుడు ఏ అరే, అంటే ఏ అంకెల పట్టిక, వల్లో వెతకాలి. డీబగ్ సమాచారం కోసం హైఫన్ జీతో కంపైల్ చేసి, జీడీబీ అనే డీబగ్గర్‌లో రన్, తర్వాత ఎక్కడ ఆగిందో చూపే బీటీ. సబ్‌రొటీన్ మొదట్లోనే ఆగింది, చూశారా?

ఇక్కడ నేను రెండు రోజులు పోగొట్టుకున్నా. అందుకే నెమ్మదిగా చెప్తా. సబ్‌రొటీన్ మొదటి లైన్‌లో ప్రింట్ పెట్టా. ప్రింట్ అవ్వలేదు. సరే, లోపలికే రాలేదు, తప్పు పిలిచిన చోట ఉంది అనుకుని అక్కడి లూపులన్నీ తవ్వా. అక్కడేమీ లేదు. అసలు జరిగేదేంటంటే, సబ్‌రొటీన్‌లోకి రాగానే, మీరు రాసిన మొదటి లైన్ కంటే ముందే, లోకల్ అరేలన్నిటికీ కలిపి స్టాక్ పాయింటర్, అంటే స్టాక్ ఎక్కడిదాకా వాడారో చెప్పే గుర్తు, ఒక్కసారిగా కిందికి జరుగుతుంది. ఈ డబ్ల్యూఆర్‌కే అనే అరే చూడండి, 1200 బై 1200, రియల్ స్టార్ 8, అంటే ఒక్కో అంకెకి 8 బైట్లు. కోటీ 15 లక్షల 20 వేల బైట్లు. మనకున్నది 8 ఎంబీ. జరగడం వరకు ఏమీ కాదు, అక్కడ ఏదైనా రాయబోతేనే పడుతుంది. ప్రింట్‌ని పిలవాలంటే రిటర్న్ అడ్రస్ స్టాక్ మీద రాయాలి కదా, అదీ రాయడమే. అందుకే ప్రింట్ కూడా రాదు. ఆ లైన్‌లో తప్పేమీ లేదండీ, పైన డిక్లరేషన్లు చూడండి.

నాకు బాగా నచ్చిన ఫ్లాగ్ ఒకటుంది, హైఫన్ ఎఫ్‌స్టాక్ హైఫన్ యూసేజ్. దాంతో కంపైల్ చేస్తే చుక్క ఎస్‌యూ అనే ఫైల్ వస్తుంది. ఏ రొటీన్ ఎన్ని బైట్ల స్టాక్ వాడుతుందో వరసగా ఉంటుంది. సార్ట్ చేస్తే దొంగ పైకి వచ్చేస్తాడు. డీబగ్గర్ కంటే ముందు నేను ఇదే తెరుస్తా.

మరి ఇన్నాళ్లూ ఎందుకు పడలేదు? మామూలుగా జీఫోర్‌ట్రాన్ పెద్ద లోకల్ అరేలని స్టాటిక్ మెమరీలో, అంటే ప్రోగ్రామ్ నడిచినంతసేపూ అలాగే ఉండే చోట పెడుతుంది. ఓపెన్‌ఎంపీ ఫ్లాగ్ ఇస్తే రికర్సివ్ ఫ్లాగ్ కూడా ఇచ్చినట్టే. అప్పుడు లోకల్ అరేలన్నీ స్టాక్ మీదికి వచ్చేస్తాయి.

ఇప్పుడు ఇందాక ఆపకండి అన్నది. అన్‌లిమిటెడ్ పెట్టి నడిపిన రిజల్ట్ ఇది, పాత రిజల్ట్ ఇది. పక్కపక్కన పెడుతున్నా... మూడో స్టెప్ నుంచి అంకెలు వేరు! ఈ కోడ్ రాసినవారు గత స్టెప్ విలువలు డబ్ల్యూఆర్‌కేలో అలాగే ఉంటాయని నమ్ముకున్నారు. స్టాటిక్‌లో ఉన్నంతకాలం ఉన్నాయి. స్టాక్ మీద ఆ భరోసా లేదు, చెత్త వస్తుంది. క్రాష్ అయితే కనీసం తెలుస్తుంది, ఇది అసలు తెలియదండీ.

కాబట్టి ఇక్కడ డిక్లరేషన్ కింద సేవ్ డబ్ల్యూఆర్‌కే అని రాస్తున్నా. దాంతో అది మళ్లీ స్టాటిక్‌లోకి వెళ్తుంది, విలువలు నిలుస్తాయి. ఏడో కాలమ్ నుంచి, మర్చిపోకండి. అలొకేటబుల్, అంటే నడిచేటప్పుడు స్టాక్ బయట చోటు తీసుకునే అరే, చేయొచ్చుగా అంటారు. చేస్తే స్టాక్ సమస్య పోతుంది, కానీ సేవ్ లేకపోతే రిటర్న్ అవ్వగానే అరే పోతుంది, విలువలూ పోతాయి. ఒకవేళ మీ సబ్‌రొటీన్‌నే పారలల్ లూప్ లోపల్నుంచి పిలుస్తుంటే సేవ్ వద్దు, థ్రెడ్లన్నీ ఒకే అరే మీద రాస్తాయి. అక్కడ అలొకేటబులే, పాత విలువలు ఆర్గ్యుమెంట్‌గా పంపండి. నా కోడ్‌లో పారలల్ లూప్ సబ్‌రొటీన్ లోపల ఉంది, సబ్‌రొటీన్‌ని పిలిచేది ఆ లూప్ బయట, అందుకే సేవ్ సరిపోయింది.

కంపైల్. లిమిట్ 8192లోనే ఉంది, చూడండి. రన్... అయిపోయింది. పాత రిజల్ట్‌తో తేడాలు చూపే డిఫ్ కొడుతున్నా. ఏమీ రాలేదు. అన్ని అంకెలూ కలిశాయి.