బెర్లిన్ చలికాలం, పది సెంటీమీటర్ల గోడ

నమస్కారం అండీ, అందరూ ఎలా ఉన్నారు? ఇప్పుడు బెర్లిన్‌లో ఉదయం ఏడు గంటలు. డిసెంబరు కాబట్టి బయట ఇంకా చిమ్మచీకటి. ఎనిమిది దాటితే గానీ ఇక్కడ తెల్లవారదు. చలి సున్నాకు మూడు డిగ్రీలు కింద ఉంది, చేతికి తొడుగు ఉన్నా కెమెరా పట్టుకున్న వేళ్లు కొంకర్లు పోతున్నాయి. నా ముందు నడుస్తున్నది మా అమ్మాయి. భుజాన వేలాడుతున్న ఆ పొడవాటి సంచిలో ఉన్నది హాకీ కర్ర. ఆదివారం పూట, ఇంత చలిలో హాకీ ఎక్కడ ఆడతారని మీకు అనిపించవచ్చు. ఇవాళ్టి వీడియో అంతా దాని గురించే.

శరదృతువు ముగిసేసరికి ఇక్కడి హాకీ మైదానాలు మూతపడతాయి. నీళ్లు చల్లిన మైదానం మీద ఆడే ఆట కదా, చలికి ఆ నీళ్లే గడ్డకడతాయి. అందుకని జర్మనీలో హాకీకి రెండు కాలాలు. వేసవిలో ‘ఫెల్డ్’, అంటే మైదానం. చలికాలంలో ‘హాలె’, అంటే పైకప్పు ఉన్న హాలు. అదే క్లబ్బు, అదే కోచ్, అవే పిల్లలు. పైన కప్పు వచ్చిందంతే అనుకుంటాం గానీ, లోపలికి వెళ్లి చూస్తే ఆట మొత్తం మారిపోయి ఉంటుంది. 1950ల నుంచి ఈ ఇండోర్ హాకీ జర్మనీలోనే ఎదిగింది. చలి తరిమితే లోపలికి వచ్చిన ఆట ఇది. ఆ తర్వాత దానికి ప్రపంచ కప్పే వచ్చింది. ఆ సంగతికి వస్తాను. ముందు మీకు ఒక పని చూపించాలి.

ఇదిగో హాలు. ఒక బడి వ్యాయామశాల. బూట్లు గుమ్మం దగ్గరే మార్చుకోవాలి, నేల మీద మరకలు పడని అడుగు ఉన్నవే లోపలికి రానిస్తారు. ఈ మూల గదిలో ఉన్న పొడవాటి చెక్క దుంగలు చూశారా? వీటిని ‘బాండె’ అంటారు. ఆట మొదలు కాకముందే వీటిని మోసుకొచ్చి, కోర్టు పొడవునా రెండు పక్కలా పేర్చడం తల్లిదండ్రుల వంతు. ఒక్కొక్క దానికి ఇద్దరు కావాలి. ఒక కొస నేను పట్టుకున్నాను, ఇంకో కొస మరో అమ్మాయి వాళ్ల నాన్న. ఆయనకు నాలుగేళ్లుగా ఇదే పని, కాబట్టి ఏ దుంగ పక్కన ఏది అతుకుతుందో చూడకుండా చెప్పేస్తాడు.

కెమెరా కిందికి దించుతాను, దగ్గరగా చూడండి. ఎత్తు పది సెంటీమీటర్లు, మందం పది సెంటీమీటర్లు. చీలమండ దాకా వచ్చే గోడ. లోపలి ముఖం నిటారుగా లేదు, ఒక సెంటీమీటరు కోర్టు వైపు వంగి ఉంది. చెయ్యి పెట్టి తడిమితే తెలుస్తుంది. బంతి వచ్చి తగిలినప్పుడు పైకి ఎగరకుండా నేలనే అంటిపెట్టుకుని వెనక్కి రావడానికి ఆ వంపు. అంతర్జాతీయ నియమావళిలోనే ఆ ఒక్క సెంటీమీటరు లెక్క ఉంది. ఈ ఆట రహస్యమంతా ఇక్కడే ఉందని నా నమ్మకం. మైదానంలో పక్క గీత దాటితే బంతి బయటికి పోయినట్టే, ఆట ఆగుతుంది. ఇక్కడ పక్క గీత ఉండాల్సిన చోట గోడ ఉంది. ఆ గోడ బంతిని తిరిగి ఇచ్చేస్తుంది. ఎదుటి జట్టు అమ్మాయి దారికి అడ్డంగా నిలబడిందా, బంతిని గోడకేసి తోసి, ఆమె వెనక నుంచి చుట్టి వెళ్లి తన బంతిని తానే అందుకోవచ్చు. మా అమ్మాయి ఈ ఒక్క మెలకువ కోసం మొదటి చలికాలమంతా ఖర్చుపెట్టింది. ఏ కోణంలో తోస్తే ఏ కోణంలో తిరిగి వస్తుందో ఇప్పుడు కళ్లతో కాదు, మణికట్టుతో లెక్క కడుతుంది.

ఇంకో సంగతి నన్ను చాలా రోజులు ఆకట్టుకుంది. ఈ నేల మీద రంగురంగుల గీతలు చూడండి. బాస్కెట్‌బాల్‌కు ఒకటి, వాలీబాల్‌కు ఒకటి, హ్యాండ్‌బాల్‌కు ఒకటి. హ్యాండ్‌బాల్ కోర్టు 40 మీటర్ల పొడవు, 20 మీటర్ల వెడల్పు. ఇండోర్ హాకీ కోర్టు 36 నుంచి 44 మీటర్ల పొడవు, 18 నుంచి 22 మీటర్ల వెడల్పు ఉండవచ్చు, అంటే ఆ హ్యాండ్‌బాల్ కోర్టులోనే హాకీ చక్కగా ఇమిడిపోతుంది. హ్యాండ్‌బాల్ గోలు 3 మీటర్ల వెడల్పు, 2 మీటర్ల ఎత్తు. ఇండోర్ హాకీ గోలూ అంతే. హ్యాండ్‌బాల్‌లో పెనాల్టీ 7 మీటర్ల నుంచి వేస్తారు, ఇక్కడ పెనాల్టీ స్ట్రోక్ కూడా 7 మీటర్ల నుంచే. కొత్తగా ఇల్లు కట్టుకోకుండా, పక్కవాళ్ల ఇంట్లోనే సర్దుకుని సొంత సంసారం చేసుకున్న ఆట ఇది.

ఆట మొదలయ్యేలోపు నియమాలు రెండు ముక్కల్లో చెబుతాను. జట్టుకు గోల్‌కీపర్‌తో కలిపి ఆరుగురు, బయట హాకీలో అయితే పదకొండు మంది. బంతిని కర్రతో కొట్టడం నిషేధం, తోయాలి. నేల మీద నుంచి పైకి లేపకూడదు. గోలుకు తొమ్మిది మీటర్ల వలయం లోపలి నుంచి వేసే షాటు మాత్రమే గాలిలో వెళ్లవచ్చు. పెద్దల అంతర్జాతీయ మ్యాచ్ పది నిమిషాల చొప్పున నాలుగు భాగాలు. అంతే, ఇక ఆట చూస్తూ మాట్లాడుకుందాం.

మా అమ్మాయి ఎడమ చేతి తొడుగు మీద ఇప్పుడు దృష్టి పెట్టండి. కుడి చేతికి లేదు, ఎడమ చేతికే ఉంది. కణుపుల దగ్గర నల్లటి గుడ్డ అరిగి, లోపలి తెల్లటి మెత్త బయటపడింది. ఇది రెండు నెలల అరుగుదల. ఎందుకంటే ఇక్కడ బంతిని ఆపాలంటే కర్రను నేల మీద అడ్డంగా, గడపలాగా పరచాలి. అప్పుడు కర్ర పట్టిన ఎడమ చెయ్యి నేలకు రాసుకుంటుంది. అలాగని మోకాలు ఆనించకూడదు, రెండో చెయ్యి నేలకు తగలకూడదు. కర్ర పట్టిన చేతికి మాత్రమే ఆ వెసులుబాటు. అంటే నడుము వంచి, తొడల బలం మీద నిలబడి, ముఖం మోకాళ్ల ఎత్తున పెట్టుకుని పరుగెత్తాలి. మ్యాచ్ అయ్యాక ఇంటికొచ్చి మెట్లు ఎక్కడానికి పిల్ల గోడ పట్టుకునేది. ఇప్పుడు పట్టుకోవడం లేదు. ఆ తేడాను నేను ఏ మార్కుల పత్రంలోనూ చూడలేదు, మా మెట్ల మీదే చూశాను.

ఆట మొదలైంది! అండర్-14 అమ్మాయిలు. చప్పుడు వినండి. మైదానంలో గాలి మింగేసే శబ్దాలన్నీ ఇక్కడ కప్పుకు తగిలి రెట్టింపై తిరిగి వస్తాయి. బూట్ల కీచుమనే రాపిడి, గోడకు తగిలిన బంతి టక్కుమనడం, గోల్‌కీపర్ కేకలు. అదిగో, అవతలి జట్టు గ్రీన్ కార్డు తెచ్చుకుంది. బయట హాకీలో అయితే రెండు నిమిషాలు, ఇక్కడ ఒక్క నిమిషమే కూర్చోవాలి. కానీ ఆరుగురిలో ఒకరు తగ్గితే ఆ నిమిషం ఎంత పొడవో వాళ్ల ముఖాలు చూస్తే తెలుస్తుంది. ఇంత చిన్న చోట ఎవరూ ఎవరి వెనకా దాక్కోలేరు. బంతి అరక్షణంలో మీ దగ్గరికి వస్తుంది, మరో అరక్షణంలో మీ నిర్ణయం అందరికీ కనిపిస్తుంది. పదమూడేళ్ల పిల్లలు అంత వెలుగులో నిలబడి, తప్పు చేసి, ఆగకుండా మళ్లీ వెనక్కి పరుగెత్తడం చూస్తుంటే నాకు ప్రతిసారీ గొంతులో ఏదో అడ్డుపడుతుంది.

రెండో మ్యాచ్‌కు గంట విరామం. ఈలోగా అసలు కథ చెబుతాను, మా ఇంట్లోకి ఈ ఆట ఎలా వచ్చిందో.

2018 ఫిబ్రవరిలో ఇండోర్ హాకీ ప్రపంచ కప్ ఇక్కడే, బెర్లిన్‌లోనే జరిగింది. మాక్స్ ష్మెలింగ్ హాలె అని ప్రెంజ్‌లావర్ బెర్గ్ ప్రాంతంలో పెద్ద క్రీడాశాల ఉంది. 1930లో ప్రపంచ హెవీవెయిట్ చాంపియన్ అయిన జర్మన్ బాక్సర్ పేరు దానిది. మేం అప్పటికి ఈ ఊరు వచ్చి రెండేళ్లు. పిల్లకు ఐదేళ్లు. చలిలో పిల్లను ఎక్కడికి తీసుకెళ్లాలో తోచక, ఆఫీసులో ఒకామె చెబితే టికెట్లు కొన్నాను. హాకీ మీద ప్రేమతో కాదు, వెచ్చగా ఉంటుందని. ఫైనల్స్ రోజు ఫిబ్రవరి 11, ఆదివారం. మహిళల ఫైనల్‌లో జర్మనీ, నెదర్లాండ్స్. జర్మనీ 2-1తో గెలిచింది. అదే రోజు పురుషుల ఫైనల్‌లో జర్మనీ షూటౌట్‌లో ఆస్ట్రియా చేతిలో ఓడిపోయింది.

ఆ రోజు నా మనసులో నిలిచిపోయినది స్కోరు కాదు. మహిళలకు, పురుషులకు ఒకే హాలు, ఒకే నేల, అవే రోజులు. మహిళల మ్యాచ్‌ను మొదటి వరుస ఆటగా కాక పక్క ఆటగా చూసే అలవాటు నాలోనూ ఉండేది. ఆ హాలు దాన్ని ఒక్క మధ్యాహ్నంలో కడిగేసింది. మా పాప నా ఒడిలోంచి దిగి, కంచె పట్టుకుని నిలబడి, ఆట ముగిసేదాకా కదలలేదు. ఇంటికి వెళ్తూ ట్రామ్‌లో అడిగింది: ‘అమ్మా, ఆ అక్కలు బంతిని గోడకు ఎందుకు ఇస్తున్నారు?’ ఇస్తున్నారు అంది, కొడుతున్నారు అనలేదు. అప్పుడు నాకు జవాబు తెలియదు.

ఈ ప్రపంచ కప్పు చరిత్ర చిన్నదే అయినా నాకు కంఠస్థం. మొదటిది 2003లో, జర్మనీలోని లైప్‌జిగ్‌లో. మహిళల్లో జర్మనీ గెలిచింది. 2007 వియన్నాలో నెదర్లాండ్స్. 2011 పోలండ్‌లోని పోజ్నాన్‌లో జర్మనీ. 2015లో మళ్లీ లైప్‌జిగ్, ఈసారి నెదర్లాండ్స్. 2018 బెర్లిన్, జర్మనీ. ఉయ్యాల ఊగినట్టు కప్పు రెండు దేశాల మధ్యే ఊగింది. 2021లో బెల్జియంలోని లియేజ్‌లో జరగాల్సింది, కోవిడ్ వల్ల రద్దయింది. ఇది తలచుకుంటే నాకు ఇప్పటికీ బాధ. ఇండోర్ హాకీ ఒలింపిక్స్‌లో లేదు. ఈ ఆటకు అన్నిటికన్నా పెద్ద వేదిక ఇదే. 2018 తర్వాత మళ్లీ 2023 దాకా, ఐదేళ్లు, ఆ వేదికే లేదు. ఆ మధ్యలో ఇరవై ఐదో, ఇరవై ఆరో ఉన్న అమ్మాయి తన మంచి కాలమంతా ఎదురుచూస్తూ గడిపి ఉంటుంది. ఎవరికీ కనిపించని నష్టం అది.

2023లో దక్షిణాఫ్రికాలోని ప్రిటోరియాలో జరిగింది. యూరప్ దాటి వెళ్లడం అదే మొదటిసారి. నెదర్లాండ్స్ గెలిచింది. ఉయ్యాల అలాగే ఊగుతుందనుకున్నాం. ఇక 2025 ఫిబ్రవరిలో క్రొయేషియాలోని పొరెచ్‌లో ఏం జరిగిందంటే, కప్పు పోలండ్ అమ్మాయిలు ఎత్తుకెళ్లారు!

ఆ వారం మా జట్టులో పండుగ. పోలండ్ సరిహద్దు ఇక్కడికి రైల్లో గంట దూరమే. జట్టులో ఒక అమ్మాయి వాళ్ల అమ్మమ్మ ఊరు అటువైపు. తర్వాతి శిక్షణకు ఆ పిల్ల ఎరుపు తెలుపు రిబ్బను జడకు కట్టుకుని వచ్చింది. ఎప్పుడూ బెంచి చివర కూర్చునే పిల్ల, ఆ రోజు మధ్యలో కూర్చుంది. కోచ్ ఏమీ అనకుండా మొదటి పెనాల్టీ కార్నర్, అంటే ఎదుటి జట్టు తప్పుకు గోలు దగ్గర దొరికే అవకాశం, తనకే ఇచ్చింది. ఆ రిబ్బను ఇవాళ కూడా ఉంది, కర్ర పిడికి చుట్టింది. అదిగో, ఏడో నంబరు చొక్కా.

రెండో మ్యాచ్ చివరి నిమిషం. మాకు పెనాల్టీ కార్నర్ వచ్చింది. ఏడో నంబరు గోలు పక్కన, కోర్టు వెనక గీత మీద నుంచి బంతిని వలయం బయటికి తోసింది. వలయం అంచున మా అమ్మాయి ఆపింది, తోసింది. గోల్‌కీపర్ కాలితో తన్నేసింది. బంతి గోడకు తగిలి తిరిగి వస్తుంటే, అందరూ బంతిని చూస్తుండగా మా అమ్మాయి గోడను చూసింది. రెండు అడుగులు పక్కకు వేసి, బంతి రాబోయే చోట ముందే కర్ర పరిచింది. మళ్లీ తోసింది. గోలు! నేను అరిచిన అరుపుకు కెమెరా ఊగింది, క్షమించండి, ఆ ముక్క ఎడిటింగులో తీసేయడం లేదు.

ఇప్పుడు సాయంత్రం నాలుగు. బయట అప్పుడే చీకటి పడింది. తల్లిదండ్రులు బాండెలు విప్పి గదికి చేరుస్తున్నారు. ఒక పక్క గోడ మొత్తం అయిపోయింది. రెండో పక్క చివరి దుంగ ఒకటి మిగిలింది, దాన్ని తీయనివ్వడం లేదు ఆ ఇద్దరూ. ఏడో నంబరు గోడకు తోస్తోంది, మా అమ్మాయి అవతల అందుకుంటోంది. ‘ఇంకొక్కటి అమ్మా’ అంటోంది, ఇది ఆరోసారి. హాలు తాళాలు పట్టుకున్న పెద్దాయన గడియారం చూసుకోవడం మానేసి వాళ్లనే చూస్తున్నాడు. నేను కెమెరా బల్ల మీద పెట్టేస్తున్నానండీ, దుంగ రెండో కొస పట్టుకోవాలి.