జోకొట్టడంలో చేతి పని

శ్రోతలకు నమస్కారం.

"ఏటే, గుంటడు ఏడుస్తన్నాడు, కాసేపు జోకొట్టు" అని శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో అత్తలు కోడళ్లకి చెబుతుంటారు. అందులో 'జో'కి విడిగా అర్థమంటూ లేదు, అది నిద్రపుచ్చే పలుకు. 'లాలి' వేరు, లాలించడంలోంచి వచ్చిందది. దేవుడి పవళింపు సేవలోనూ పాడతారు.

'జో' పలికి చూడండి. జొన్నలో జ అది, జీడిపప్పులో జ కాదు. నాలుక పళ్ల వెనక మెత్తగా తగిలి జారుతుంది, వెంటనే 'ఓ' ఊపిరున్నంతసేపు సాగుతుంది. 'ళుళుళు హాయి' అన్నా అంతే. మనవైపు చాలామంది నోట ఆ హకారం కూడా కరిగి 'ఆయి' అవుతుంది. పసివాణ్ణి ఉలిక్కిపడేలా చేసే అక్షరం ఒక్కటీ లేదు.

ఇక 'కొట్టు'. అసలు పని ఇక్కడే ఉంది. అరచెయ్యి కాస్త గుల్లగా వంచి, మణికట్టు మాత్రమే కదిలిస్తూ వీపు మీదో పిరుదు మీదో తట్టాలి. సెకనుకి ఒక్క తట్టు చాలు. 'జో' ఎత్తుకున్నచోట ఒకటి, సాగతీతలో ఇంకొకటి. కళ్లు వాలాక ముందు పాట తగ్గాలి, కూనిరాగంలోకి దిగి ఆగిపోవాలి. చెయ్యి ఆ తర్వాత. తట్టడం ఆపినా అరచేతిని కాసేపు ఒంటి మీదే ఉంచాలి. రెండూ ఒక్కసారే ఆపేస్తే బిడ్డ చటుక్కున కళ్లు తెరుస్తాడు. ఏడుపు పెరిగేకొద్దీ గట్టిగా తట్టడం మరీ తప్పు. ఆకలో, తడిగుడ్డో, చెవిపోటో ముందు చూడండి.

చీర ఉయ్యాలకి నూలు చీరే మంచిది, పట్టుచీర ముడి జారుతుంది. దూలానికి కట్టాక పెద్దవాళ్లు బరువంతా వేసి లాగి చూడాలి. ఉయ్యాల్లో గడ్డం ఛాతీకి ఆనితే పసివాడికి ఊపిరాడదు. అందుకని నిద్రపట్టగానే తీసి, చదునైన పక్క మీద వెల్లకిలా పడుకోబెట్టండి.

పెద్దల విషయంలోనూ ఈ మాట వాడతాం. కష్టం చెప్పుకోవడానికి వెళ్లినవాణ్ణి తీపి కబుర్లతో సర్దిపంపితే, జోకొట్టి పంపారంటాం.

ఇప్పుడు ఫోన్లో జోలపాట పెట్టి బిడ్డ పక్కన వదిలేస్తున్నారు. అందులో జో ఉంది గాని కొట్టడం లేదు. రాగం రాదని మొహమాటపడే నాన్నలూ, తాతలూ పాట కోసం వెతుక్కోనక్కర్లేదు. బిడ్డ పేరు చేర్చి 'జో... జో...' అంటూ వీపు మీద చెయ్యి వేయండి.